మంగళవారం సీటు

వెంకవ్వ బిడ్డను వీపు మీద వేసుకొని వస్తుంటే భివండీ నార్పోలి గల్లీలో జనం తప్పుకొని దారి ఇచ్చేవాళ్లు. ఆమె బిడ్డ మాలతికి రెండేళ్లప్పుడు సిరిసిల్ల దగ్గరి ఊళ్లో జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని రెండు కాళ్లూ చచ్చుబడిపోయాయి. ఆ మరుసటేడు వెంకవ్వ భర్త కొమురయ్య ఇద్దరినీ తీసుకొని భివండీ వచ్చి, ఒక సేఠు కార్ఖానాలో బట్ట నేసే సాంచెలు నడిపే పనికి కుదిరాడు. వెంకవ్వ తాముండే ఒంటిగది ఖోలీలోనే కూర్చొని, రాట్నం తిప్పి కాండీలకు నూలు చుట్టేది. పొద్దున బిడ్డను మరాఠీ బడిలో దించడం, మధ్యాహ్నం మళ్లీ ఎత్తుకు రావడం కూడా ఆమె పనే.

ఏడో తరగతి అయ్యేసరికి మాలతి తల్లంత పెరిగింది. పై తరగతుల బడి పెద్ద రోడ్డు అవతల, మెట్లెక్కి పోవలసిన చోట ఉంది. అక్కడితో చదువు ఆగింది. తల్లి పక్కన ఇంకొక రాట్నం వచ్చి చేరింది. దవాఖానాకో, చుట్టాల పెళ్లికో పోవలసి వస్తే వెంకవ్వ ఇంకా వీపు వంచేది. "ఎంత ఓపికనో నీకు" అని ఇరుగుపొరుగు అంటుంటే ఆమెకు లోపల బాగానే ఉండేది.

మాలతికి ఇరవై నిండిన ఏడు ఠాణా పట్నం నుంచి ఒక ట్రస్టు వాళ్లు భివండీకి గాడి తెచ్చారు. నడవలేనివాళ్లను, చూపు లేనివాళ్లను ఇంటి దగ్గర ఎక్కించుకొని దవాఖానాకు, బడికి, పనికి తీసుకుపోయే గాడి అది. వెనక తలుపు తీస్తే ఇనుప పలక కిందికి వాలుతుంది. చక్రాల కుర్చీ ఆ పలక మీదుగా లోపలికి పోతుంది. ముందు రోజు ఫోన్ చేసి సీటు చెప్పుకోవాలి. ట్రస్టు తరఫున ఖోలీ ఖోలీకి తిరిగిన సుశీలాబాయి మాలతికి ఒక కుర్చీ ఇప్పించి, కాల్హేర్‌లో తమ కేంద్రానికి కుట్టుపని నేర్చుకోను పంపమంది.

మొదట్లో వెంకవ్వ కూడా గాడిలో పోయేది. బిడ్డ పక్కన కూర్చొని, మలుపు వచ్చినప్పుడల్లా ఆమె భుజం పట్టుకునేది. కొన్నాళ్లకు సుశీలాబాయి వచ్చి మరాఠీలో ఏదో చెప్పింది. మాలతి దాన్ని తల్లికి తెలుగులో చెప్పింది.

"రేపటి సంది నువ్వు రావద్దంటుంది అవ్వా. నీ సీట్ల రాంప్రసాద్ కూసుంటడట. ఆయనకు కండ్లు కనబడయి."

"నేను లేకుంటె నిన్ను ఎవలు ఎత్తుతరు? ఎవలు దించుతరు?"

"ఎవలు ఎత్తద్దు. పలక ఉన్నది గద."

"నడిమిట్ల పడితే?"

"పడితే లేపుతరు తియ్యి. నువ్వు రాకు."

మర్నాడు గాడి కదిలిపోయాక వెంకవ్వ ఇంట్లోకి పోలేదు. రోడ్లు కలిసే నాకాకు నడిచి, షేరు రిక్షా ఎక్కి కాల్హేర్ పోయింది. అంతా గోదాములు, లారీలు. కేంద్రం గేటు ఊచల్లోంచి చూస్తే మాలతి ఒడిలో చాయ్ గ్లాసు పెట్టుకొని, చేతులతో చక్రాలు తోసుకుంటూ ఆవరణ దాటుతోంది. చాయ్ చీర మీద ఒలికింది. మరాఠీలో ఏదో తిట్టి, తనలో తానే నవ్వింది. ఇన్నేళ్లూ ఆ ముఖం వెంకవ్వ మెడ వెనకాలే ఉండేది. బిడ్డ దూరంగా ఒక్కతే ఎటో పోతుంటే చూడడం ఆమెకు అదే మొదలు. సంతోషమనిపించలేదు. పని చేస్తున్న కార్ఖానాలో ఇక రావద్దన్నప్పుడు మొగోళ్లకు ఎట్లా ఉంటుందో అట్లా అనిపించింది. ఎవరికీ కనబడకుండా తిరిగి వచ్చి, కాండీల ముందు కూర్చుంది. పోయిన సంగతి ఇంట్లో చెప్పలేదు.

కుట్టుపని మాలతికి అంతగా రాలేదు. కాని తెలుగు, మరాఠీ, హిందీ మూడూ గడగడా మాట్లాడుతుందని ఆమెను కేంద్రంలోనే ఫోన్ దగ్గర కూర్చోబెట్టారు. ఎవరిని ఏ రోజు, ఎవరి తర్వాత ఎవరిని ఎక్కించుకోవాలో ఆమె చెప్తే డ్రైవర్ భూషణ్ ఆ లెక్కన గాడి తిప్పేవాడు.

ఒక వానాకాలం వెంకవ్వ నల్లా దగ్గర పాచి మీద జారి పడింది. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల కమ్మీ వేశారు. ఇంటికి పంపుతూ, వచ్చే మంగళవారం గాని శుక్రవారం గాని వచ్చి చూపించుకొమ్మని డాక్టర్ చెప్పాడు. కాలు చాపి కూర్చోవాలి కాబట్టి రిక్షా కుదరదు. ఆ రాత్రి అన్నం దగ్గర వెంకవ్వ బిడ్డతో అంది.

"మంగళారం గాడి తోలియ్యమని చెప్పు."

మాలతి కంచంలోకి చూస్తూ అంది. "మంగళారం అంత నిండింది. శుక్రారం ఇస్త. గది గూడ ఆఫీసుకు ఫోన్ చేసి అడుగాలె అవ్వా. అందరు గట్లనే అడుగుతరు."

"ఇంట్ల మనిషికి ఫోన్ చేసుడేందే?" అన్నాడు కొమురయ్య.

"ఎవల సీటు ఉన్నదే మంగళారం?" అని అడిగింది వెంకవ్వ.

"శాంతినగర్ల కోమల్ అని ఒక పొల్ల ఉన్నది. ఆమెకు పరీక్ష. ఆ సీటు తీసి నీకిస్తె, ఆ పొల్లను ఎవలు మోస్తరు?"

"వాళ్ల అవ్వ మోస్తది!"

ఆ మాట అనేసి వెంకవ్వ ఆగిపోయింది. కొమురయ్య ఒకసారి ఇద్దరినీ చూసి, చెయ్యి కడుక్కొని బయటికి పోయాడు. వెంకవ్వ చాలాసేపు కమ్మీ వేసిన కాలును నిమురుకుంటూ కూర్చుంది.

మర్నాడు పక్క ఖోలీ ఆగమ్మ తన ఇంట్లో ఫోన్ కలిపి, తీగ గుమ్మం దాకా లాగి రిసీవర్ ఆమె చేతికిచ్చింది. అటువైపు బిడ్డ గొంతు మరాఠీలో పేరడిగింది. ఆ గొంతు ఇంట్లో వినే గొంతులా లేదు. నెమ్మదిగా, తొందర లేకుండా ఉంది.

"వెంకవ్వ, నార్పోలి. శుక్రారం దవాఖానకు."

"సరే అవ్వా. పొద్దున్నే తయారుగుండు. భూషణ్ ఎవలి కోసం ఆగడు" అంది మాలతి తెలుగులో.

శుక్రవారం కొమురయ్య, భూషణ్ కలిసి ఆమెను గాడిలో తెచ్చిన కుర్చీలో కూర్చోబెట్టి పలక మీదుగా పైకి తోశారు. కుర్చీ వెనక్కి వాలినప్పుడు వెంకవ్వ భయపడి కొమురయ్య చెయ్యి గట్టిగా పట్టుకుంది. గాడి సందుల్లోంచి తిరిగి శాంతినగర్‌లో ఆగింది. పద్నాలుగేళ్ల పిల్ల రెండు కర్రల మీద ఊగుతూ ఎక్కి, ఆమె ఎదురుగా కూర్చుంది. భూషణ్ కోమల్ అని పిలిస్తే వెంకవ్వ ఆ పిల్లను పైనుంచి కిందికి చూసింది. వచ్చీరాని హిందీలో అడిగింది. "మంగళారం పరీక్ష ఎట్ల రాసినవ్?"

"గణితమా? సగం రాలేదు. ఫెయిలైతనేమో" అంది కోమల్, దాన్నేమంత పట్టించుకోకుండా. సంచిలోంచి నేరేడుపళ్లు తీసి తింటూ కూర్చుంది. కాసేపటికి రెండు పళ్లు ఆమె చేతిలో కూడా పెట్టింది.

డాక్టర్ ఎక్స్‌రే ఫోటో తీయించి ఎముక అతుక్కుంటోందని చెప్పాడు. సాయంత్రం మాలతి ఇంటికి రాగానే ఆ సంగతి కంటే ముందు వెంకవ్వ ఇంకొకటి చెప్పింది.

"నీ కోమల్ పరీక్ష తప్పుతదట. గా మంగళారం సీటేదో నాకే ఇస్తె అయిపోతుండె."

మాలతి నవ్వు ఆపుకోలేకపోయింది. వెంకవ్వ కోపంగానే చూసింది గాని, ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు.

"డాక్టర్ ఏమన్నడు?" అని అడిగింది మాలతి.

"మల్ల రమ్మన్నడు" అంది వెంకవ్వ. "ఆగమ్మ ఇంట్ల లేనప్పుడు ఎట్ల? ఆ నంబరు ఎట్ల కొట్టాల్నో నాకు నేర్పియ్యి."