బెరడు తీసేసి రాళ్ళు పోశాను

"వదినా, ఇవాళ వంటకి రాళ్ళేనా?" అన్నాడు మా మరిది, సింకులో జల్లెడ నిండా ఉన్న మట్టి గోళీలను చూసి. ముప్పై రెండేళ్ళవాడు. తన జోకుకు తనే నవ్వుకుని, నీళ్ళు తాగిన గ్లాసును ఆ గోళీల మీదే బోర్లించి వెళ్ళిపోయాడు. పంపు తిప్పి ఆ గ్లాసు కడిగితే వాడి చేయి అరిగిపోతుంది కాబోలు. నేనే కడిగాను. కడుగుతూ పళ్ళు నూరుకున్నాను. ఇది ఏడు నెలల కిందటి మాట.

ఆ గోళీలు నా ఆర్కిడ్ల కోసం. ఆర్కిడ్ మట్టిలో పెరగదు. అడవిలో ఏ చెట్టు కొమ్మనో పట్టుకుని, వేళ్ళు గాలికి వదిలి బతుకుతుంది. దానికి తడి ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. అందుకే నర్సరీవాళ్ళు బెరడు ముక్కలు నింపిన కుండీల్లో అమ్ముతారు. మొదట్లో బెరడు బాగానే ఉంటుంది. రెండేళ్ళు తిరిగేసరికి కుళ్ళి, పొడై, తడిసిన అట్టలా ముద్దకట్టి వేళ్ళకు ఊపిరాడనివ్వదు. ఈలోగా దాని తడి ఆరిందా లేదా అని ఎవరో ఒకరు వేలు పెట్టి చూస్తూ ఉండాలి. మా ఇంట్లో ఆ 'ఎవరో ఒకరు' ఎవరో మీకు చెప్పనక్కర్లేదు.

అంతకు నాలుగైదు నెలల ముందు మా అక్కకి ఆపరేషన్ అయితే ఎనిమిది రోజులు వెళ్ళాను. అప్పటికి నాకు పదకొండు ఆర్కిడ్లు. రెండు రోజులకోసారి, ఒక్కోదానికి అరగ్లాసు నీళ్ళు చాలని ఈయనకు చెప్పి, కాగితం మీద రాసి, ఆ కాగితం ఫ్రిజ్‌కి అంటించి మరీ వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బాల్కనీ అంతా కుళ్ళిన వాసన. అందం కోసం పెట్టిన, అడుగున రంధ్రం లేని పైకుండీల్లో నీళ్ళు నిలవుండిపోయాయి. ఏం చేశారండీ అంటే, ఈయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "రోజూ ఎవరు గుర్తు పెట్టుకుంటారు? నువ్వెళ్ళిన మర్నాడే ఎనిమిది రోజుల నీళ్ళూ ఒకేసారి పోసేశాను. మొత్తం మీద అంతే కదా!" అన్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంజనీరింగ్ చదివి, ఆఫీసులో నలభై మందికి పని చెప్పే మనిషి! ఆ తెలివి గుమ్మం దాటి లోపలికి ఎందుకు రాదు? "మగవాడు గుర్తు పెట్టుకుని పోయడమే గొప్ప. మెచ్చుకోవాల్సింది పోయి సాధిస్తావేంటి అమ్మాయ్?" అన్నారు అత్తయ్య. ఆవిడ వంతుగా బలానికని వాడేసిన టీ పొడి వేశారట. ఏడు మొక్కలు పోయాయి. ఒక్కో కుండీ బోర్లించి నల్లబడిన వేళ్ళు పట్టుకుంటే చేతిలో జారిపోయాయి. నేను ఏడిస్తే, "మొక్కల కోసం ఏడుస్తారా ఎవరైనా?" అని ముగ్గురూ ఆశ్చర్యపోయారు.

నేను ఏడ్చింది మొక్కల కోసమే కాదు. నేను పళ్ళ ల్యాబులో పనిచేస్తాను. డాక్టర్లు పంపే అచ్చులు చూసి కట్టుడు పళ్ళు తయారుచేసే పని, పదహారేళ్ళుగా. కంప్యూటర్లో గీసిన పన్నును మిషను చెక్కి ఇస్తుంది ఇప్పుడు. అది నేర్పడానికి ఏటా వేరే ఊళ్ళో ఆరు వారాల ట్రైనింగు ఉంటుంది. మా అక్క దగ్గర్నుంచి వచ్చిన వారంలోనే ఓనరు నన్ను పిలిచి, "ముందు మీ ఆయన్ని అడిగి చెప్పమ్మా" అన్నాడు. బోర్లించిన ఏడు కుండీలూ కళ్ళ ముందున్నాయి. ఎనిమిది రోజులకే ఇలా చేసిన ఇల్లు ఆరు వారాలకి ఏమవుతుందోనని భయపడి, ఈయన్ని అడక్కుండానే నా అంతట నేనే కుదరదన్నాను. నా వెనక ఆరేళ్ళకి చేరి, నా దగ్గరే మైనం కరిగించడం నేర్చుకున్నవాణ్ణి పంపారు. వాణ్ణి, "మీ ఆవిణ్ణి అడిగావా?" అనలేదు. "టికెట్ ఎప్పటికి తియ్యమంటావ్?" అన్నారు. ఇప్పుడు వాడు ఏసీ గదిలో మిషను ముందు కూర్చుంటాడు. వాడు చెక్కించిన పళ్ళకు నేను మెరుగు పెడతాను.

ఆ కోపంతోనే చదవడం మొదలుపెట్టాను. కుళ్ళనిది కావాలి నాకు. కొబ్బరి పీచు కూడా బెరడు లాంటిదే, ఇవాళ కాకపోతే రేపు కుళ్ళుతుంది, కొట్టేశాను. పెర్లైట్ అని తెల్లటి తేలిక గింజలు తెస్తే, సంచీ విప్పగానే దుమ్ము, నీళ్ళు పోయగానే అన్నీ పైకి తేలాయి. రాయిని కరిగించి దూదిలా తీసే రాతి ఉన్ని నీళ్ళను మరీ గట్టిగా పట్టుకుంటుంది, పైగా ముట్టుకుంటే చేతులు దురద. ప్యూమిస్ రాయి నాకు పాత చుట్టమే. కట్టుడు పళ్ళకు మేం మెరుగు పెట్టే పొడి ఆ రాయిదే. రాయంతా రంధ్రాలు, వాటిలో తడీ ఉంటుంది, గాలీ ఉంటుంది. చివరికి బట్టీలో కాల్చిన మట్టి గోళీలు మూడొంతులు, ప్యూమిస్ ముక్కలు ఒక వంతు కలిపాను. ఎర్ర నీళ్ళు పోయేదాకా కడిగి, ఒక రోజంతా నానబెట్టాను. మిగిలిన నాలుగు మొక్కలకూ కొత్త వేళ్ళు మొలకెత్తేదాకా ఆగి, బెరడంతా దులిపి, చచ్చిన వేళ్ళు కత్తిరించి రాళ్ళలో కూర్చోబెట్టాను. రాళ్ళలో తిండి ఉండదు కాబట్టి పలచటి ఎరువు నీళ్ళు. ప్రతి కుండీ అడుగు నుంచీ ఒక నూలు వత్తి, కిందనున్న మూత ఉన్న నీళ్ళ తొట్టిలోకి. మొక్కకు ఎంత కావాలో అంతే నీరు వత్తి పట్టుకుని పైకి పాకుతుంది.

"రాళ్ళలో ఏం బతుకుతాయే, పిచ్చి కాకపోతే" అన్నారు అత్తయ్య. తొట్టి నింపి, నలభై రెండు రోజులు చేయి పెట్టలేదు. ఎందుకు నలభై రెండో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు. నేను బాల్కనీలోకి వెళ్ళడం మానేశానని కూడా ఇంట్లో ఎవరూ గమనించలేదు. నలభై మూడో రోజు చూస్తే, నాలుగింటికీ కొత్త ఆకులు, ఒకదానికి పూల కాడ. "మా ఇంటి గాలి అలాంటిది" అన్నారు అత్తయ్య.

ఈ సోమవారం ఓనరు మళ్ళీ పిలిచాడు. మళ్ళీ అదే మాట. "శుక్రవారంలోగా చెప్పు. ముందు మీ ఆయన్ని అడుగు."

గురువారం సాయంత్రం ముగ్గురూ టీవీ ముందు ఉండగా, నేను ఆరు వారాల ట్రైనింగుకి వెళ్తున్నానని చెప్పాను. మరిది టీవీ సౌండు తగ్గించాడు. రోజూ సాయంత్రం వీధి చివరిదాకా రెండు రౌండ్లు నడిచే అత్తయ్య ఉన్నట్టుండి మోకాలు పట్టుకున్నారు. ఈయన మాత్రం మెత్తగా నవ్వి, "వెళ్ళొద్దని ఎవరన్నారు? కానీ నీ మొక్కలో? ప్రాణం కదా నీకు! మళ్ళీ ఏమైనా అయితే నన్నంటావు" అన్నారు. ఏడు మొక్కల్ని చంపిన మనిషి, ఆ చావుల్నే అడ్డం పెట్టి నన్ను ఆపబోతున్నాడు. బాల్కనీ తలుపు తెరిచి లైటు వేశాను. తొట్టి, వత్తులు, రాళ్ళు చూపించాను. ఎవరూ ముట్టుకోకపోతేనే మంచిదని కూడా చెప్పాను.

ఈయన వంగి చూశారు. నిజంగానే మెచ్చుకున్నారు. "అబ్బో, బుర్రున్నదానివే! ఇంకేం మరి, మాకు కూడా ఇలాగే ఏదో ఒకటి అమర్చి పెట్టేసి వెళ్ళు. వండి ఫ్రిజ్‌లో పెడతావో, మనిషిని మాట్లాడతావో, నీ ఇష్టం. మేమేం అడ్డు చెప్పం."

నేను అక్కడే నిలబడి ఓనరుకి ఫోన్ చేశాను.

"మీ ఆయన ఏమన్నారమ్మా?"

"అడగలేదండీ. టికెట్ తీయండి."

ఫోన్ పెట్టేసరికి ఈయన మొహంలో నవ్వు లేదు. వెనక అత్తయ్యా మరిదీ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"అది సరే, మా ముగ్గురికీ ఏం ఏర్పాటు చేశావో చెప్పు" అన్నారు ఈయన.

"ఏమీ చెయ్యలేదండీ" అన్నాను. "మొక్కలకి చేతుల్లేవు కాబట్టి చేశాను. మీ ముగ్గురికీ కలిపి ఆరున్నాయి."