కట్టిన చెయ్యి

పదిహేడో నంబరు మగ్గం ఆపి, మొలలో దోపుకున్న గోగునార పోగు ఒకటి లాగి, మగ్గం హేండిల్‌ని పక్కనున్న ఇనపకడ్డీకి కలిపి కట్టి మూడు ముళ్లు వేశాడు కూర్మయ్య. ఆ గోనెసంచుల మిల్లులో తక్కినవాళ్లు ఒకే ముడి వేస్తారు. పెళ్లినాడు కూడా ఇంత బిగించి వేసి ఉండడని తోటివాళ్లు వేళాకోళం చేస్తారు. ఆయన పట్టించుకోడు. ముడి వేశాక లాగి చూస్తాడు, ఒక అడుగు వెనక్కి వేసి మళ్లీ చూస్తాడు, అప్పుడు గాని నూనెడబ్బా పట్టుకుని మగ్గం కిందికి దూరడు.

పొద్దుట ఆరున్నర. ‘ఏ’ షిఫ్టు మొదలై అరగంటయింది. రెండొందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడి మాట వినపడదు. నార ధూళి కనురెప్పల మీద, మీసాల మీద పసుప్పచ్చగా పేరుకుంటుంది. కూర్మయ్యకి యాభై ఎనిమిదేళ్లు. సన్నటి మనిషి, మగ్గాల కింద దూరి దూరి నడుం కొంచెం ముందుకి వంగిపోయింది. ఖాకీ నిక్కరు, చేతులు కత్తిరించేసిన బనీను, మెడ చుట్టూ తువ్వాలు. చొక్కా వేసుకుంటే యంత్రం ఎక్కడ పట్టుకుంటుందోనని భయం. ఆ తువ్వాలు కూడా కొసలు బనీనులోకి దోపి ఉంటాయి.

నేతగాడికి పేరుంటుంది. మిషను బాగుచేసేవాడికి మర్యాద ఉంటుంది. నూనె వేసేవాణ్ణి ఎవరూ తలుచుకోరు. ముప్పై రెండేళ్లుగా ఆయన ఒక వరుసలో మొదలెట్టి ఇంకో వరుసలో తేలుతున్నాడు. మిల్లులో అన్ని విభాగాల్లోనూ తిరుగుతాడు కాబట్టి మాటలు మోస్తాడని మేనేజిమెంటు వాళ్లు, కంపెనీ మనిషేమోనని కార్మికులు, ఇద్దరూ ఆయన్ని అనుమానించారు. అందుకు బదులుగా కూర్మయ్య అందరినీ అనుమానించాడు.

ఆ గుణం ఇంట్లోనూ పోదు. పొద్దున్నే భార్య చిన్నతల్లి చోడంబలి గిన్నె ఇస్తే వాసన చూసి గాని తాగడు.

"పెళ్లయిన కాణ్ణించీ వాసన సూస్తన్నావు," అంటుంది ఆమె. "ఒక్కపాలైనా సచ్చినావేటి?"

అలాంటి మనిషి యూనియన్‌ని మాత్రం నమ్ముతాడా? నమ్మడు. సభ్యత్వం ఒక్క ఏడాదీ మానలేదు గాని, మీటింగులో వెనక వరసలో కూర్చుని, ఉపన్యాసం వినడం మానేసి, అది అయ్యాక నాయకుడు ఎవరితో కలిసి టీకొట్టు వైపు నడుస్తాడో చూస్తాడు. యూనియన్ చేసిన పనుల్లో ఆయన మనసారా నమ్మినది ఒక్కటే. అది ఆ ముడి.

ముప్పై ఏళ్ల కిందట రమేష్‌బాబు అనే నేతగాడు మగ్గం కింద తెగిన పట్టీ సర్దుతుంటే, పక్కవాడు చూసుకోక మగ్గం నడిపాడు. కుడిచేతి నాలుగు వేళ్లు పోయాయి. తప్పు రమేష్‌బాబుదేనని మేనేజిమెంటు రాసింది. యూనియన్ పదకొండు రోజులు మిల్లు ఆపింది. పన్నెండో రోజున ఒప్పందంలో ఒక వాక్యం చేరింది. ఆపిన మగ్గానికి నారపోగు కట్టి ఉంటే, కట్టిన చెయ్యే విప్పాలి. ఇంకెవరూ ముట్టరాదు, మేనేజరైనా సరే.

ఒకసారి కూర్మయ్య ముడి విప్పడం మరిచి ఇంటికి వెళ్లిపోతే, మిల్లు జీపు ఆరు కిలోమీటర్లు వచ్చి ఆయన్ని ఎక్కించుకుపోయింది. విప్పాక మళ్లీ ఇంటి దగ్గర దింపమంటే డ్రైవరు పొమ్మన్నాడు. నడిచే వచ్చాడు. అయినా ఆ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆయన మొహం వెలుగుతుంది. తనకోసం ఒక జీపు రావడం అదొక్కసారే.

పదిహేడో మగ్గం ముడి విప్పి లేచేసరికి ధనరాజు ఎదురుగా నిలబడి ఉన్నాడు. మిల్లు పద్నాలుగు నెలలు లాకౌట్‌లో ఉండి, కిందటేడు తెరిచినప్పుడు కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు. చేతిలో ఫోను, అందులో టైము చూస్తున్నాడు.

"కూర్మయ్యా, ఈ ముడులు ఇవాళ్టితో బంద్," అన్నాడు చెవి దగ్గరికి వంగి. "మగ్గం నడుస్తుండగానే నూనె వెయ్యాలి. మగ్గానికి పది నిమిషాలు పోతోంది."

"ఎవలు సెప్పినారు బాబూ?"

"కాగితం ఉంది. సంతకాలు పెట్టింది మీవాళ్లే."

మీవాళ్లు అన్న మాట పట్టుకుంది కూర్మయ్యని. ఇంకెవరు, మోహనకృష్ణే. యూనియన్ సెక్రటరీ. మొన్న వినాయకచవితి పందిట్లో మేనేజరు పక్కన కూర్చుని పులిహోర తినడం కూర్మయ్య కళ్లారా చూశాడు. ఇద్దరికీ ఒకటే దొన్నె. ఆ రోజే అనుకున్నాడు.

పది గంటల సైరన్ మోగేదాకా ఆయన ఒక్క మగ్గానికీ నూనె వెయ్యలేదు. వేస్తున్నట్టు నటిస్తూ వరుసలు తిరిగాడు. నలభై ఒకటో మగ్గం మీద పనిచేసే యమున ఆయన్ని చూసింది. ఆమెది గజపతినగరం అవతల ఏదో పల్లె, అయినవాళ్లంతా రైతులు. ముప్పై అయిదేళ్లుంటాయి, కాంట్రాక్టు మీద వచ్చింది. తన మీద కన్నెయ్యడానికే ఈమెని ఈ వరుసలో పెట్టారని కూర్మయ్య మొదటి వారమే తేల్చేసుకున్నాడు. అందుకే ఆమెతో ఇంతవరకూ పది మాటలు మాట్లాడి ఉండడు.

విరామం అరగంట. గేటు ఎదురుగా రేకుల షెడ్డు, అదే యూనియన్ ఆఫీసు. మోహనకృష్ణ ఒక్కడే ఉన్నాడు.

"రా మావా. టీ తాగుతావా?"

"తాగను. ముడి అమ్మీసినావంట."

"ఏ ముడి?"

"నారముడి. సంతకం పెట్టినావంట కదా. దనరాజు సెప్పినాడు."

మోహనకృష్ణ కోప్పడలేదు. కోప్పడి ఉంటే కూర్మయ్యకి బాగుండేది. అతను లేచి బీరువా తెరిచి, లావుపాటి ఫైలొకటి వెతికి, అందులోంచి జిరాక్సు కాగితం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది యూనియన్ కాగితం కాదు మావా. మిల్లు తీసిననాడు గేటు కాడ ఒక్కొక్కలి సేతా పెట్టించుకున్న హామీపత్రం. అయిదో పాయింటు సదువు."

కూర్మయ్య వేలు పెట్టి చదివాడు. యంత్రములను నిలుపుదల చేయకుండా నిర్వహణ పనులు చేయుటకు నా ఇష్టపూర్వకముగా అంగీకరించుచున్నాను. కింద సంతకం. మొదటి అక్షరానికి కొమ్ము అంత పొడుగ్గా లాగేది మిల్లులో ఆయనొక్కడే.

ఆ పొద్దు గుర్తొచ్చింది. పద్నాలుగు నెలల తరవాత సైరన్ మోగింది. ఊళ్లోకి వినపడగానే అంబలి తాగకుండా సైకిలెక్కాడు. గేటు ముందు వందలమంది తోసుకుంటున్నారు. ముందు సంతకం పెట్టినవాడు ముందు లోపలికి వెళ్తున్నాడు. లోపల మగ్గాలు ఆడుతున్నాయి, నూనె లేక కీచుమంటున్నాయి. ఆ కీచు ఆయనకి రోడ్డు మీదికే వినపడింది. బల్ల మీద ఏం కాగితం పెట్టారో చూడలేదు. జీవితంలో వాసన చూడకుండా మింగింది అదొక్కటే.

"నువ్వేటి సేస్తన్నావు మరి అప్పుడు?" అన్నాడు కూర్మయ్య.

"పెట్టొద్దు, అందరం కూకుని సదివి అప్పుడు పెడదాం, ఒక్కరోజు ఆగండని అరుస్తన్నాను. నా రెక్క పట్టుకుని పక్కకి నెట్టీసి ఎల్లిపోనావు నువ్వు. గుర్తున్నాదా?"

గుర్తుంది. ఆ రోజు మోహనకృష్ణ వేసుకున్న చొక్కా రంగు కూడా గుర్తుంది.

"ఆ ఒక్కరోజు ఆగితే కంపెనీ ఆలు మిల్లు తీద్దురా?"

మోహనకృష్ణ కాగితం మళ్లీ ఫైల్లో పెట్టాడు. "తియ్యకపోదురేమో. నాకూ తెల్దు మావా. కానీ అందరికీ ఒకే కాగితం ఉండీది, దాని మీద మనం రాసిన మాటా ఉండీది. ఇప్పుడు ఎవలి కాగితం ఆలిది."

కూర్మయ్య లేచాడు. ఎండలో గేటు దాకా నడిచేసరికి ఒళ్లంతా చెమట పట్టింది. సిగ్గేసింది ఆయనకి. ఊళ్లో అందరి చేతులూ కనిపెట్టుకుని తిరిగినవాడు తన చేతిని ఒక్కసారి కనిపెట్టలేకపోయాడు. మోహనకృష్ణ మీద కోపం పోయి ఉంటే కాస్త తేలికపడేవాడేమో గాని, అది ఎక్కడికి పోవాలో తెలియక ఛాతీలోనే నిలిచిపోయింది.

సంతకం పెట్టాడు కాబట్టి సంతకం ప్రకారమే చెయ్యాలనుకున్నాడు. ముప్పై ఎనిమిదో మగ్గం ఆడుతుండగానే చెయ్యి లోపలికి పెట్టాడు. మోచేతికి బెత్తెడు దూరంలో ఇనపచేతులు వెళ్లి వస్తున్నాయి. ముప్పై తొమ్మిది. నలభై. ఒక్కో మగ్గం దగ్గరా నిలబడి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. దూరం నుంచి ధనరాజు చూసి తల ఊపాడు.

నలభై ఒకటి దగ్గరికి వచ్చేసరికి మగ్గం ఆగిపోయింది. హేండిల్ దించింది యమున.

"ఎవలు ఆపమన్నారు నిన్ను?"

"ఎవలూ అన్నేదు. మగ్గం మగ్గానికీ ఆగి ఊపిరి తీస్తన్నావు మావా."

కూర్మయ్య ఆమె మొహంలోకి చూశాడు. ఏదో ఉంటుంది, ఈ మంచితనం వెనక ఎవరో ఉంటారు అని చాలాసేపు వెతికాడు. కనిపించలేదు. మొలలోంచి పోగు తీసి హేండిల్‌కి కట్టాడు. వేళ్లు సరిగ్గా ఆడలేదు. ఒక్క ముడే పడింది. దాన్ని లాగి చూడలేదు.

కిందికి దూరి నూనె వేశాడు. బయటికి వచ్చి, మగ్గం మీది గోనెగుడ్డ అంచు పట్టుకుని లేవబోయి, లేవలేక స్తంభానికి చేరగిలబడ్డాడు. అలిసిపోయాడనుకుంది యమున. నీళ్లసీసా తెచ్చి పక్కన పెట్టింది. కళ్లు మూసుకుని ఉన్నాడని లేపలేదు.

కాసేపటికి ధనరాజు వచ్చాడు. "నూనె వేసి కూర్చున్నాడుగా, లేపు," అన్నాడు. ఆమె భుజం తట్టింది. తల పక్కకి వాలింది.

డిస్పెన్సరీ నర్సు వచ్చి మణికట్టు పట్టుకుని, వదిలేసింది. నలుగురు మోసుకుపోయారు. చిన్నతల్లికి ఎవరు చెప్పాలన్న దాని మీద గేటు దగ్గర కొంత తర్జనభర్జన జరిగి, చివరికి మోహనకృష్ణే బయల్దేరాడు.

ధనరాజు ఆ హడావుడి ముగించుకుని వచ్చేసరికి రెండు గంటలయింది, ‘బి’ షిఫ్టు వాళ్లు లోపలికి వస్తున్నారు. యమున ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"వెళ్లేముందు మగ్గం నడిపించి వెళ్లు," అన్నాడు ధనరాజు.

"ముడి ఉన్నాది సారూ."

"విప్పు."

"నాను కట్టనేదు."

"సరే, నేను విప్పుతాను. తప్పుకో."

"మీరూ కట్టనేదు కదా."

గట్టిగా అనలేదు. నలభయ్యో మగ్గం నేతగాడు తన మగ్గం ఆపాడు. తరవాత నలభై రెండు ఆగింది. ఆమె మాట వినపడక ఆపారో, వినపడి ఆపారో ధనరాజుకి అంతుపట్టలేదు. ఈమెకి ఎవరు నేర్పారు, దీని వెనక ఎవరున్నారు అని చుట్టూ మొహాలు వెతికాడు. ముడి మీదికి చెయ్యి చాపి, అంతమంది చూస్తుండగా ఆ చేతిని వెనక్కి తీసి జేబులో పెట్టుకున్నాడు. మేనేజరుతో మాట్లాడి వస్తానని వెళ్లాడు.

పని దిగిన ‘ఏ’ షిఫ్టు వాళ్లు ఇళ్లకి వెళ్లలేదు. బి షిఫ్టులో ఎవడో ఒకడు భయపడి విప్పేస్తాడని వీళ్ల అనుమానం. వీళ్లలో ఒకడికి కంపెనీ ఆశ పెట్టి ఉంటుందని వాళ్ల అనుమానం. అటో గుంపు, ఇటో గుంపు, ఒకరి చేతులు ఒకరు కనిపెడుతూ నిలబడ్డారు. యమున మధ్యలో కూర్చుంది. ఎవరూ కదలలేదు.

వాళ్ల మధ్య నలభై ఒకటో మగ్గం మీద గోనెగుడ్డ సగం నేతలో ఆగి ఉంది, దాని అంచు మీద నాలుగు వేళ్ల నూనె మరక ఇంకా ఆరలేదు.