నెమళ్ళ తలుపు, దాని వెంట కిటికీ

త్రిపురారం దామోదర్ రెడ్డికి కొత్త ఇంటి మీదున్న సరదా అంతా సింహద్వారం మీదే. రెండు రెక్కల మీద రెండు నెమళ్ళు పురివిప్పి నిలబడాలి. అలాంటి తలుపు మిర్యాలగూడలో ఏ మిల్లు షావుకారి ఇంటికీ ఉండకూడదు. ఆయన భార్య జానకమ్మ కోరిక చాలా చిన్నది. వంటింటికి వీధివైపు ఒక కిటికీ, అంతే. ఆ మాట ఎత్తినప్పుడల్లా ఆయన, "మన పొయ్యి బజారోళ్ళు సూడాల్నా?" అని కొట్టిపారేసేవాడు.

అది తొంభై ఆరో సంవత్సరం. ఇంటి ప్లాను కంప్యూటర్ మీద గీయించుకుంటేనే గొప్ప అని ఆయన భార్యను వెంటబెట్టుకుని సూర్యాపేట దాకా వచ్చాడు. ఆ ఆఫీసులో గీసేది చాందీ. తండా నుంచి వచ్చి ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసిన పిల్ల, నవ్వకుండా ఒక్క గీత గీయదు. కంప్యూటర్‌లో తలుపులుంటాయి గానీ నెమళ్ళ తలుపులుండవు కదా. గీతగీతగా కూర్చి, అంతా ఒకే ముక్కగా కట్టింది. అలా కట్టినదాన్ని బ్లాక్ అంటారు. ఒక మూల పట్టుకుని లాగితే మొత్తం కదులుతుంది, చెరిపితే మొత్తం పోతుంది.

దామోదర్ రెడ్డి సిగరెట్టు కాల్చుకోవడానికి బయటికెళ్ళిన సందు చూసుకుని జానకమ్మ చాందీ కుర్చీ దగ్గరికి జరిగింది.

"బిడ్డా, గా కిటికీ యాడనన్న ఇరికియ్యరాదు?"

చాందీకి జాలేసింది. అంతకుముందే కొంటెతనం పుట్టింది. తలుపుకు ఎడమపక్కన, వంటింటి గోడకు సరిగ్గా కుదిరేట్టు ఒక కిటికీ గీసి, నెమళ్ళతో కలిపి ఒకే బ్లాక్‌గా కట్టేసింది.

ఆయన తిరిగొచ్చాడు. "గా కిటికీ ఏంది? తీసెయ్."

"సరే పటేలా."

కిటికీ చెరిపింది. దాంతోపాటు నెమళ్ళూ మాయమై గోడ బోసిగా మిగిలింది.

"అరె, నా నెమళ్ళు!"

వెనక్కి తెచ్చింది. మళ్ళీ చెరిపితే మళ్ళీ పోయాయి. ఆయన పరేషానయ్యాడు.

"రెండూ ఒకటే అయినయి పటేలా," అంది చాందీ, ఏమీ ఎరగనట్టు. అబద్ధం కూడా కాదు, ఎవరు చేశారన్నదే చెప్పలేదు. జానకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బస్టాండు దగ్గర కంప్యూటర్ జాతకాలు అచ్చేసి ఇస్తున్న రోజులవి. యంత్రం కాదంటే మనిషి ఏం చేస్తాడు? ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. అక్కడితో ఆగితే ఎంత బాగుండేదో!

వారం తిరక్కుండానే మళ్ళీ భార్యను వెంటబెట్టుకుని, కోదాడ వాస్తు పంతులు మాట మోసుకొచ్చాడు.

"తలుపును మూడడుగులు ఉత్తరానికి జరుపు. గాడుంటెనే కలిసొస్తదట."

చాందీ జరిపింది. తలుపు వెంట కిటికీ కూడా జరిగి, వంటింటి గోడ దాటి, ఆయన పేకాట దోస్తులు కూర్చునే ముందరి గదిలో పడింది. జానకమ్మ ముఖం వాడిపోయింది. విడగొడితే కిటికీని వంటింట్లోనే ఉంచొచ్చు. కానీ విడిపోతుందని తెలిస్తే ఆయన ముందు దాన్నే చెరిపిస్తాడు. తన తెలివి తన మెడకే చుట్టుకుందని చాందీకి ఏడుపొచ్చినంత పనైంది.

"మంచిగైంది," అన్నాడాయన. "మా పేకాటకు గాలొస్తది."

జానకమ్మ దిగ్గున లేచింది.

"గాలి నీకా? పెండ్లయిన సంది గోడకు మొకం పెట్టి వండుతున్న. పొగకు కండ్లు పోతున్నయ్. ఎండకాలం గా అర్రల ఒక్క పూట నిలవడి సూడు! తలుపుకు నెమళ్ళు కావాలె, పెండ్లానికి కిటికీ వద్దా?" అంటూ కొంగుతో కళ్ళొత్తుకుంది.

చాందీ ఇక ఉండబట్టలేకపోయింది. "తప్పు నాదే పటేలా. రెండిటిని కలిపింది నేనే. ఇడగొట్టొచ్చు. ఏది ఉంచమంటె అదే ఉంచుత." ఉద్యోగం పోయినట్టేననుకుంది.

ఆయన చాందీని చూడనేలేదు. కళ్ళు తుడుచుకుంటున్న భార్యను చూశాడు. సరే పెట్టుకో అనడానికి ఆయనకు నోరు రాదు, బుద్ధెరిగాక ఎవరితోనూ అలా అన్నవాడు కాదు. గొంతు సవరించుకుని తెర వైపు తిరిగాడు.

"ఇడగొట్టకు. తలుపును మునుపున్న కాడికే తీస్కపో."

"మరి వాస్తు పటేలా?"

"మా ఇంట్ల వండేది పంతులా?"

చాందీ మూల పట్టుకుని లాగింది. నెమళ్ళు దక్షిణానికి నడిచాయి, కిటికీ వెళ్ళి వంటింట్లో చేరింది.