కొండరాణి పదవి

స్వాలా తిరిగొచ్చిందంటే లోయ లోయంతా పండగ చేసుకుంది. ఇరవై ఏళ్లు రాజధాని రేక్యవిక్‌లో ఉండి, సొంతూరి బడిలో టీచరు పని చూసుకుని వచ్చేసిందని ఒకరు కేకు, ఒకరు పొగబెట్టిన మాంసం, ఒకరైతే ఏకంగా గొర్రెల్నే తోలుకొచ్చి ఇచ్చారు. ఆమె అక్క యోరున్ ఈ ఇరవై ఏళ్లూ ఊరు కదిలింది లేదు. కదలనందుకు ఓ కేకు ముక్క చేతిలో పెట్టిన పాపాన ఎవరూ పోలేదు.

"నేనూ వెళ్లి రావాల్సింది," అని సణుక్కునేది యోరున్, పాకలో పేడ ఎత్తుతూ. "ఉన్నవాళ్లకి విలువెక్కడేడ్చింది?"

అయినా ఓర్చుకుంది. సెప్టెంబరు వస్తోంది కదా అని. వేసవంతా కొండమీద మేసిన గొర్రెల్ని కిందికి దింపే రోజున అందరినీ నడిపించేవాణ్ణి కొండరాజు అంటారు. ఆ పదవి వాళ్ల పెదనాన్న బ్రాండుర్‌ది. ఆయన మోకాళ్ల పని ఈ ఏటితో అయిపోయింది. ఆయన తర్వాత కొండరాణి ఎవరన్నది యోరున్ మనసులో ఏనాడో తేలిపోయింది. పైన ఏ వాగు ఎక్కడ దాటాలో ఆమెకి కళ్లు మూసుకున్నా తెలుసు.

బయల్దేరే ఉదయం గుర్రాల దగ్గర బ్రాండుర్ ముక్కుపొడి పీల్చి, చెయ్యి దులుపుకుని, "ఈసారి స్వాలా నడిపిస్తుంది," అన్నాడు.

యోరున్ కళ్లెం వదిలేసి ఆయనకి అడ్డం వచ్చింది. "అది కొండెక్కి ఎన్నేళ్లయింది పెదనాన్నా? దారైనా గుర్తుందా దానికి?"

"దారి నువ్వు చెప్దువుగాని. నీ మాట గొర్రెలు వింటాయేమో గానీ, మనుషులు వినరు."

అందరూ గొల్లుమన్నారు. స్వాలా మాత్రం నవ్వలేదు. "అక్కా, వరసలో ఎడమ చివర నువ్వుండు. అక్కడ ఇంకెవరివల్లా కాదు. నీ పక్కన నేనుంటా," అంది.

జాలిపడుతోంది మహారాణి, అనుకుంది యోరున్.

కొండ దింపడానికి నియమం ఒక్కటే. అందరూ ఒకే వరసలో దిగాలి, పక్కవాడు కంటికి ఆనుతూ ఉండాలి. ఒకరు ముందుకు పోతే ఖాళీ పడుతుంది, ఖాళీ పడితే గొర్రె మళ్లీ కొండెక్కేస్తుంది. యోరున్‌కి ఇది చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ, మధ్యాహ్నానికి కుక్కని ఉసిగొల్పి తన ముందున్న మందని తరుముకుంటూ ముందుకు దూసుకుపోయింది. అందరికంటే ముందు తను తోలిన గొర్రెలు కింద దొడ్డి చేరాలి, రాణి ఎవరో జనం చూడాలి. "అక్కా, ఆగు!" అని పొగమంచులోంచి స్వాలా కేక వినిపించింది. విననట్టే గుర్రాన్ని అదిలించింది.

అనుకున్నట్టే ముందు దిగింది. చూడ్డానికి దొడ్డి దగ్గర పురుగైనా లేదు. కొండ దిగొచ్చేవాళ్లకి సూపు కాచేవాళ్లు కూడా ఇంకా రాలేదు.

సాయంత్రానికి తక్కినవాళ్లు దిగారు. చెవుల మీది గాట్లు చూసి ఎవరి గొర్రెల్ని వాళ్లు లాక్కునేసరికి సంగతి బయటపడింది. ప్రతి ఇంటికీ కొన్ని తక్కువ. ఓ మంద వెనక్కి పారిపోయింది, పైన మంచు పడబోతోంది.

"వరస తప్పిందెవరు?" జీపులో వచ్చిన బ్రాండుర్ గర్జించాడు.

యోరున్ గొర్రెల వెనక్కి జరిగింది. ఈలోగా స్వాలా ముందుకొచ్చింది. "తప్పు నాది పెదనాన్నా. నడిపించేదాన్ని నేనే చూసుకోవాల్సింది. రేపు మళ్లీ వెళ్తాను."

"అదీ మనిషంటే!" అన్నాడో రైతు. సూపు కాచే ముసలమ్మ మొదటి గిన్నె స్వాలాకే ఇచ్చింది. ఇంకొకతను తన కోటు విప్పి ఆమెకి కప్పాడు. రేపు నేనొస్తానంటే నేనొస్తానని పోటీలు పడ్డారు.

బతికిపోయానన్న ఊరట యోరున్‌కి గుక్క తిప్పుకునేంత సేపు కూడా నిలవలేదు. కేకులు దానికే, పదవి దానికే. ఆఖరికి తను చేసిన తప్పు కూడా దానికే మెప్పు తెచ్చిపెట్టాలా? ఇంక చూడలేకపోయింది. దొడ్డి గోడెక్కింది.

"ఆ తప్పు నాది!" అని అరిచింది. "వరస తప్పింది నేను! కావాలనే తప్పాను! దానికేం సంబంధం లేదు!"

ముసలమ్మ గరిటె పక్కన పెట్టి కళ్లొత్తుకుంది. "ఎంతైనా తోడబుట్టింది. చెల్లెల్ని ఎలా వెనకేసుకొస్తోందో చూడండి."

"నిజంగా నేనేనే, నీ మొహం మండ!"

"సర్లేవే, దిగు, పడతావు," అన్నాడు బ్రాండుర్. ఆయన గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది. "నీ నోట ఇంత మంచి మాట నేనెప్పుడూ వినలేదు. అంతా స్వాలా వచ్చిన వేళావిశేషం."