చుక్క చుట్టూ గీత

ఐర్లండ్‌లోని నేవన్ ఊళ్ళో లోహిత ఇంట్లో తెల్లారి లేస్తే మొదటి పని గోడమీది ప్రపంచపటం కింద బకెట్ మార్చడం. ప్రపంచంలో ఎక్కడెక్కడ ఓడలు ప్రమాదాల్లో పడ్డాయో పటం మీద గుర్తించడం ఆమె ఉద్యోగం. ఎర్రచుక్క పెట్టిన చోటల్లా కొన్నాళ్ళపాటు ఉప్పునీళ్ళు కారతాయి. ఇన్ని నీళ్ళూ మొక్కలకైనా పనికిరావు కదా అని అత్తగారు శ్యామలాదేవి బాధ.

ఆవిడకి ఇంకో బాధ కూడా ఉంది. భీమవరం నుంచి వచ్చినప్పట్నుంచీ గుమ్మంలో ముగ్గు నిలవడం లేదు. పిండి గిన్నె లోపల పెట్టేలోపే వాన తయారు. చేతులు ఊరుకోవు పాపం, వంటింటి కప్‌బోర్డుల తలుపుల మీద కూడా వేసేసింది.

ఆ శుక్రవారం పొద్దున పటంలో ఐర్లండ్ కింద, ఎవరూ చుక్క పెట్టని చోట, చెమ్మ కనబడింది. ప్రమాదం వార్తేదీ రాలేదు. జరిగినవాటికే తడిసే పటం ఈసారి ముందే తడిసింది. లోహిత తమ్ముడు తిరుమలేష్ ఇంజనీరుగా పనిచేసే సరుకు ఓడ ఆ దారినే కార్క్ రేవుకి వస్తోంది. వాడి కోసం పొయ్యిమీద గోంగూర పప్పు ఉడుకుతోంది.

కోస్ట్‌గార్డ్‌కి ఫోన్ చేసింది. పటం తడిసిందంటే వాళ్ళు నవ్వలేదు. "అక్కడ పొగమంచు దట్టంగా ఉంది. రేడియోలో పిలుస్తున్నాం, ఓడ పలకడం లేదు" అన్నారు.

గదిలోకి వచ్చేసరికి శ్యామలాదేవి కుర్చీ ఎక్కి, తడి బియ్యప్పిండిలో వేలు ముంచి, ఆ చెమ్మ చుట్టూ మెలికల గీత తిప్పుతోంది.

"అత్తయ్యగారూ! అది ఆఫీసు పటం! వాడేమైపోయాడో తెలీక నేను చస్తుంటే మీకు ముగ్గులా?"

"అందుకేనమ్మా. చుక్కని ఒంటరిగా వదిలేస్తామా ఎక్కడైనా?" చెయ్యి ఆపకుండానే అందావిడ. "చుట్టూ గీత తిప్పాలి. చుక్కని తాకకూడదు, మధ్యలో తెగకూడదు. కాస్త కుర్చీ పట్టుకో."

ఇంకేం చెయ్యాలో తోచక లోహిత ఏడుస్తూనే కుర్చీ పట్టుకుంది.

సాయంత్రం ఫోన్ మోగింది.

"అక్కా, నేనే. పొద్దున పొగమంచులో చుక్కాని బిగుసుకుపోయింది. రేడియో కూడా పోయింది. ఓడ గానుగెద్దులా ఒక్కచోటే తిరుగుతూ కూర్చుంది. తిట్టుకుంటూ బాగుచేశాం. మంచు విడిచాక చూస్తే, మేం తిరిగిన చుట్టుకి సరిగ్గా మధ్యలో ఇంత బండ! తిన్నగా వచ్చుంటే..."

శ్యామలాదేవి ఫోన్ అందుకుని, "పప్పు తీసిపెడతాలే నాయనా, నెమ్మదిగా రా" అంది.

మర్నాటికి ఆ చోటు ఆరిపోయింది. లోహిత ఎర్ర పెన్ను పక్కన పిండి గిన్నె పెట్టుకుంది. పటంలో జపాన్ పక్కన కొత్తగా చెమ్మ ఎక్కుతోంది.

"అత్తయ్యగారూ, ఇవాళ కుర్చీ మీరు పట్టుకోండి" అంటూ తనే ఎక్కింది.