రెండు ముద్దలు

అమ్మ నా తలకి నూనె రాస్తుంటే వెంట్రుకలు ఆమె అరచేతికి పట్టుకుని లాగేవి. నొప్పేసినా కదిలేదాన్ని కాదు. కాఫీ తోటలో, సామ చేలో, రోకలి దగ్గర అరిగిన చేతులు గరుకుగా కాక ఎలా ఉంటాయి అనుకునేదాన్ని. కానీ ఇది వేరే గరుకు. అరచేతిలో గీతలు లోతుగా దిగిపోయి, మధ్య చర్మం దళసరిగా మడతలు పడింది. మెడ చుట్టూ నలుపు కమ్మింది.

నానమ్మకు అది మట్టిలా కనిపించింది. "ఏటే రాజులూ, మెడ తోముకోవా? నీ సేతి కూడు తినబుద్ధి కాదు" అని అమ్మని కసిరేది. అమ్మ గెడ్డ నీళ్లలోకి దిగి బీరపీచుతో తోముకునేది. చర్మం లేచి రక్తం వచ్చినా నలుపు పోలేదు. నాన్న ఒక్కసారే మాట్లాడాడు, సబ్బు తెచ్చాను కదా అని.

కొర్ర కొత్త పండగ వచ్చింది. దేవతకి పెట్టకుండా మా ఊళ్లో కొత్త గింజ ఎవరూ నోట పెట్టరు. ఆ కొర్రలు కోసింది అమ్మ, దంచింది అమ్మ, చెరిగింది అమ్మ. వండే వేళకి నానమ్మ కుండ తన వైపు లాక్కుని, "ఆ సేతుల్తో దేవత కూడు ముట్టకు" అంది. దంచినప్పుడు లేని మురికి వండేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. అడగడానికి నోరు రాలేదు. నాకెప్పుడూ రాదు. అమ్మ చేతులు కొంగులో దాచుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆ రోజు మేకని కోశారు. బోటి కడగడం నా పని. వేడినీళ్లలో పొట్ట తిరగేస్తే లోపలి మడతలు వేళ్లకి తగిలాయి. ఆ స్పర్శ నాకు తెలుసు. రోజూ నా తల మీద ఉండేదే. నేను కూర తినలేకపోయాను.

కాఫీ పళ్లు ఎర్రబడుతుండగా, సంత రోజున ఇంటింటికీ మందులు తెచ్చే మా ఊరి ఆశా అక్క అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లింది. నాన్నా నేనూ వెంట వెళ్లాం. డాక్టరమ్మ అమ్మ అరచేయి వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూసింది. పూత మందు రాస్తుందనుకున్నాం. ఆమె మాత్రం, "అన్నం సరిగా తింటున్నావామ్మా?" అని అడిగింది.

అమ్మ నాన్న వైపు చూసి తల దించుకుంది. "వానలప్పుడి నుంచి రెండు ముద్దలకే కడుపు నిండిపోతంది."

నాన్న తెల్లబోయాడు. నేనూ అంతే. ఒకే గదిలో బతుకుతున్నాం, ఎవరికీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? అమ్మ అందరికీ పెట్టి, గిన్నెలు సర్ది, చివర్లో పొయ్యి దగ్గర ఒక్కతే తింటుంది. ఆమె తింటుండగా కూర్చుని చూసినవాళ్లు మా ఇంట్లో లేరు.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఇది మురికి కాదు, ఎంత తోమినా పోదు. చాలా అరుదుగా, కడుపులో క్యాన్సర్ ఉంటే చర్మం ఇలా మారుతుంది. ఉందో లేదో విశాఖలో గొంతులోంచి గొట్టం వేసి చూస్తేనే తెలుస్తుంది. ఆలస్యం చేయొద్దు.

ఇంటికొచ్చాక నాన్న, కాఫీ పళ్లు కోసేసి వెళ్దాం అన్నాడు. ఇన్నాళ్లు ఆగింది ఇంకొన్నాళ్లు ఆగదా అంది నానమ్మ. అమ్మ పొయ్యి రాజేసింది.

అన్నం ఉడికాక నాన్నా నానమ్మా కంచాల ముందు కూర్చున్నారు. అమ్మ ముందుగా తన కంచంలో పెట్టుకుని నాన్నకి ఎదురుగా కూర్చుంది. అలా ఎప్పుడూ జరగలేదు. అమ్మ ఒక ముద్ద తింది. రెండోది చాలాసేపు నమిలి, కళ్లు మూసుకుని మింగింది. తర్వాత మిగిలిన అన్నంతో కంచం నాన్న ముందుకి జరిపింది.

"నాకింతే పడతాది. సూడండి. రేపు తొలి బస్సుకి ఎల్తాను. గుంట నాతో వత్తాది" అంది నన్ను చూపిస్తూ.

నాన్న ఆ కంచం వైపే చూస్తూ, "మరి పళ్లెవరు కోత్తారు?" అన్నాడు, ఎవరినీ అడుగుతున్నట్టు కాకుండా.

నేను లేచి, బడి సంచిలో పుస్తకాలు తీసేసి అమ్మ చీర పెట్టాను.

"నీ సేతులు బాగానే ఉన్నాయి కదా నాన్నా" అన్నాను.