గెలిచిన వాదన

మనవాళ్ళు ఎక్కడున్నా ఉగాదికి సభ పెట్టాలి, సభ పెడితే ముఖ్య అతిథి ఉండాలి. ఆ అతిథికి తెలుగు రాకపోయినా ఫర్వాలేదు. డెబ్భైల్లో చమురు ధర పెరిగి దోహా అంతటా క్రేన్లు లేచిన రోజులవి. మదీనత్ ఖలీఫా పేటలో వేణుగోపాలరావుగారి విల్లాలో జరిగిన సభకు, తాము పనిచేసే ఉక్కు కర్మాగారం కట్టిస్తున్న జపాన్ ఇంజనీరు మియాహారాను పిలిచారు. శాలువా కప్పి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. పాపం, ఆయన ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరూ చప్పట్లు కొట్టినప్పుడల్లా తానూ కొట్టాడు.

చర్చాపోటీకి పెట్టిన విషయం, యుద్ధంలో అణుబాంబు వెయ్యాలన్న నిర్ణయం సరైనదేనా అని. జపాన్ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇదేం చర్చ అని ఒక్కరికీ తట్టలేదు. మాట్లాడేది తెలుగులోనేగా అనుకున్నారు, మహానుభావులు.

ఎవరిది ఏ పక్షమో తేల్చే చీటీలో శకుంతలకు 'సరైనదే' అని వచ్చింది. కాలేజీలో ఆమె నోరు విప్పితే ఎదుటివాళ్ళు చేతులెత్తేసేవారు. ఇక్కడికొచ్చాక రామమోహన్ గారి భార్య అన్న పేరు తప్ప మరో పేరు మిగల్లేదు. అందుకే ఎలాగైనా కప్పు కొట్టాలని పంతం పట్టింది.

"ఆనాడు కొందరు పోకపోతే యుద్ధం సాగి అంతకు పదింతలమంది పోయేవారు. కూడికలు వచ్చినవాళ్ళెవరైనా ఆ బాంబే వేస్తారు" అని ఆమె ముగించేసరికి విల్లా దద్దరిల్లింది. మియాహారా లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాడు.

గెలిచిన ఆమెకు కప్పు అందిస్తూ ఇంగ్లీషులో అడిగాడు. "చాలా బాగా మాట్లాడారు. దేని గురించి?"

"కవిత్వం గురించని చెప్పెయ్యమ్మా" అని వేణుగోపాలరావు గొణిగాడు.

తన గెలుపు కవిత్వమని చెప్పుకోవడం శకుంతలకు చిన్నతనమనిపించింది. ఉన్నదున్నట్టు చెప్పేసింది.

మియాహారాకు కోపం రాలేదు. "మాది కొకురా. ఆయుధాల ఫ్యాక్టరీ ఉన్న ఊరు. మామీద బాంబులు పడతాయన్న భయంతో మా అమ్మ నా చెల్లెల్ని నాగసాకిలో మా పిన్ని ఇంటికి పంపింది. ఆ రెండో బాంబు ముందు మా ఊరికే తెచ్చారు. మబ్బు పట్టి ఊరు కనబడలేదట. అక్కణ్ణుంచి నాగసాకి వెళ్ళారు."

శకుంతలకు చేతిలో కప్పు ఉన్నందుకు సిగ్గేసింది.

"తన పిల్లను ఎందుకు చంపారని అమ్మ పోయేదాకా అడుగుతూనే ఉంది. నా దగ్గర జవాబు లేకపోయింది. మీ దగ్గర ఉంది, ఇంతమంది ఒప్పుకున్నారు కూడా. దయచేసి నాకూ చెప్పండి, ఇంగ్లీషులో."

అందులో ఎగతాళి లేదు. ఆయన నిజంగానే అడుగుతున్నాడు.

"ఆనాడు కొందరు..." అని మొదలుపెట్టింది శకుంతల. ఇందాక గడగడా వచ్చిన వాక్యం అక్కడే ఆగిపోయింది.

"పాపకు ఎన్నేళ్ళు?" అని అడిగింది చివరకు.

"ఆరు" అన్నాడు మియాహారా, ఇంకా ఆమె జవాబు కోసమే చూస్తూ.